నాలుగో బెంచీ మీది చుక్క

మార్చి 3, 2025

ఎండ ఇప్పుడే ఇలా ఉంటే మే నెలలో ఏం గతి! నీళ్ళ ట్యాంకు కింద గొడుగు పట్టుకుని కూర్చున్నా మెడ మాడిపోయింది. అయినా ఒక్క మధ్యాహ్నం కూడా మానలేదు, మానను. జనవరి నుంచి పడుతున్న ఈ తిప్పలన్నీ ఆదివారం మీటింగులో తేలిపోతాయి. పాత మార్కెట్ యార్డు వెనకున్న ఈ చెట్ల జాగాలో షాపులు కట్టాలా, పార్కుగా ఉంచాలా అని వార్డు పెద్దలు కూర్చుంటారు. నన్ను కూడా మాట్లాడనిస్తామన్నారు. నాకు అంతే కావాలి.

అమ్మ ఇవాళ కూడా అందుకుంది. "పెండ్లీడుకచ్చిన పిల్ల ట్యాంకు కింద కూసొని వచ్చేటోళ్ళను పోయేటోళ్ళను చూసుడు! గిదేం సదువు బిడ్డా? పోలీసోళ్ళ సదువా?" అంది. పర్యావరణ మనస్తత్వశాస్త్రం అని చెప్పాను. "గంత పెద్ద పేరుకు గింతన్న కొలువస్తదా?" అంది. భానుప్రసాదన్న ముందు గదిలోని తన మొబైల్ షాపులోంచి పకపకా నవ్వాడు. ప్రేమల వదిన మాత్రం నవ్వలేదు. నా డబ్బాలో ఇంకో జొన్నరొట్టె పెట్టి మూత బిగించింది. ఆమె కూడా కాసేపట్లో కుట్టు సెంటరుకు బయల్దేరాలి, పాపం అంట్లన్నీ అలాగే ఉన్నాయి.

ఏ చోట మనిషి మనసు తేరుకుంటుందో, ఎందుకు తేరుకుంటుందో కనిపెట్టడం నా పని. అడగకూడదు. అడిగితే మనిషి మంచిగా కనిపించాలని ఏదో ఒకటి చెబుతాడు. దూరంగా కూర్చుని చూడాలి, ఎవరెక్కడ కూర్చున్నారో కాగితం మీద గుర్తు వేయాలి. ఆడవాళ్ళకు చుక్క, మగవాళ్ళకు త్రిభుజం. దగ్గరికి పోకూడదు, పలకరించకూడదు. హైదరాబాదులో మా మేడం మొదటి క్లాసులోనే చెప్పింది, నువ్వు అక్కడ లేనట్టే ఉండాలని.

నా చుక్కలన్నింటిలో నాకిష్టమైంది మ-7. ఏడో మహిళ కాబట్టి ఆ పేరు. నారింజరంగు స్కార్ఫు ముఖమంతా చుట్టుకుని, భుజాన ఎర్ర అంచున్న నీలం బట్టసంచి వేసుకుని వస్తుంది. జనవరి మొదట్లో రోడ్డు పక్క బెంచీ కొసన బెదురుబెదురుగా కూర్చుని, కాసేపటికే లేచి పోయేది. ఆ తర్వాత ఒక రోజు ఉన్నట్టుండి లోపలికి వచ్చేసింది. ఇప్పుడు వేపచెట్టు కింది నాలుగో బెంచీ ఆమెది. చెప్పులు విడిచి, కాళ్ళు పైకి ముడుచుకుని, నాలుగు కొట్టేదాకా కదలదు. ఫోను తీయదు, ఎవరితో మాట్లాడదు. వెనక చెట్టు అండ, ముందు అడ్డం లేని చూపు. పుస్తకంలో ఎలా రాసి ఉందో అచ్చం అలాగే. ఆ చెట్టు ఆమెను లోపలికి పిలుచుకుంది. నా థీసిస్ మొత్తం ఈ ఒక్క మనిషి మీద నిలబడుతుంది.

మార్చి 6

మ-7 ఈరోజు కళ్ళు మూసుకుని చెట్టుకు తల ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. ఎవరో తెలియని మనిషి, అయినా నాకు కడుపు నిండినట్టయింది.

మార్చి 8

రేపటికి బొమ్మలన్నీ సిద్ధం చేశాను. ఒక్క ఫోటో లేదు, ఒక్క పేరు లేదు. ఈ విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ వదిన అడిగింది. "రేపు మీటింగుల ఏం చెప్తవ్ సుజనా?"

"చూసిందంతా చెప్త."

వదిన చేతులు ఆగాయి. "అంతనా? పేర్లు గూడనా?"

"పేర్లెందుకుంటయి వదినా! అన్నీ చుక్కలే. చుక్కకు పేరుంటదా?" అన్నాను.

అప్పుడు నవ్వింది. నా నెత్తి మీద చెయ్యి వేసి, "మంచిగ చెప్పు. షాపులు కట్టనియ్యకు" అంది. వదినకు నా చదువు మీద ఇంత శ్రద్ధ ఉందని నాకు తెలియదు. నువ్వు కూడా రా అన్నాను. ఇంట్లో పని ఎవరు చేస్తారంది.

మార్చి 9

పార్కు నిలిచింది. ఇంకేమీ రాయలేను.

మార్చి 10

రాయాలి. రాస్తే తప్ప ఇది నిజంగా జరిగిందని నాకు నమ్మకం కలిగేలా లేదు.

నిన్న మీటింగుకు అన్న షాపు మూసి మరీ వచ్చాడు. కట్టబోయే షాపుల్లో ఒకటి తనకు వస్తుందని ఆశపడుతున్నవాడు, అయినా చెల్లెలు మాట్లాడుతుందని ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను తెర మీద మ్యాపు వేసి చుక్కలు, త్రిభుజాలు చూపిస్తుంటే హాలంతా ఆవలిస్తోంది. ఒకాయన ఫోనులో వీడియో చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వినరా, వినిపిస్తాను చూడు అనుకున్నాను.

మ-7 సంగతి ఎత్తుకున్నాను. స్కార్ఫు రంగు చెప్పాను. సంచి రంగు చెప్పాను, దాని అంచు రంగు కూడా చెప్పాను. చెప్పులు ఎలా విడుస్తుందో, తల ఎలా ఆనిస్తుందో చేసి చూపించాను. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం చూసి నాకు ఇంకా ఊపు వచ్చింది. "ఆమెకు ఇల్లు లేదా? ఉంటది. ఇంట్లో ఫ్యాను లేదా? అదీ ఉంటది. మరి రోజూ ఇంత ఎండలో ఇక్కడికి ఎందుకొస్తుంది? ఇంట్లో దొరకనిదేదో ఆమెకు ఇక్కడ దొరుకుతోంది!" అన్నాను. చప్పట్లు మోగాయి. అన్న కూడా కొట్టాడు.

అప్పుడు లేచాడు దయానంద్. వదిన వెళ్ళే కుట్టు సెంటరు ఆయన భార్య లతదే. ఆయన ముఖంలో ఏ కుళ్ళూ లేదు. మెచ్చుకోవడానికే లేచాడు.

"మస్తు చెప్పినవ్ సుజనమ్మా. కని గీ నారింజ స్కార్ఫు, గీ నీలం సంచి... గీ సంచులు మా లత కుట్టి మా దగ్గర నేర్సుకునేటోళ్ళకిచ్చింది కదా! గీ రెండు ఉన్నది మన ప్రేమలక్కకే! భానన్నా, అక్క మా సెంటరుకు రాక రెండు నెలలైతుంది. పానం బాగలేదేమో అనుకున్నం. పార్కుల కూసుంటుందా?"

హాల్లో ముందు ఒకరు నవ్వారు, తర్వాత పది మంది నవ్వారు. వెనక నుంచి ఎవరో "ఇంట్ల దొర్కంది పార్కుల దొర్కుతుందట భానన్నా" అన్నారు. నా మాటే. నా నోటి నుంచి వచ్చి అప్పటికి నిమిషం కూడా కాలేదు.

ఆ సంచి మా వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. నేను రోజూ దాని పక్కన నిలబడే మంచినీళ్ళు ముంచుకుంటాను. అది ఇంట్లో సంచి. బెంచీ మీదున్నది నా చదువుకు పనికొచ్చే వివరం. రెండూ ఒకటేనని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టలేదు అంటే తట్టలేదు, ఎవరి మీదైనా ఒట్టు పెడతాను. హైదరాబాదులో చుక్కకు పేరుండదు. బాన్సువాడలో చుక్కకు పేరుంటుంది, మొగుడుంటాడు, ఆ మొగుడు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాడు.

అన్న ఎవరినీ చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. నేను రిమోటు పట్టుకుని నిలబడే ఉన్నాను. తర్వాతి బొమ్మ కూడా మ-7దే.

చేతులెత్తమన్నారు. పార్కుకే ఎక్కువ చేతులు లేచాయి. ఎవరెవరో వచ్చి శభాష్ అన్నారు.

మార్చి 11

రెండు రోజులు మూగగా ఉన్న ఇల్లు ఇవాళ పొద్దున పగిలింది. అన్న షాపు షట్టరు తీయకుండా ముందు గదిలో కుర్చీ వేసుకున్నాడు. వదిన గోడకు ఆనుకుని నిలబడింది.

"ఎవడస్తుండు ఆడికి?"

"ఎవ్వలు రారు."

"మరెందుకు పోతున్నవ్?"

"ఊకె."

"ఊకెనా?"

"ఊకెనే. కూసుంట. నాలుగు కొట్టినంక వస్త."

అమ్మ అందుకుంది. "ఊకె కూసునెతందుకు ఇంట్ల జాగ లేదా? చెట్టు కింద ఊకె కూసుంటందుకు స్కార్ఫు కట్టుకొని పోతదా ఎవతన్న? కుట్టు నేర్సుకుంటున్న అని రెండు నెలల సంది మాతోని అబద్ధమాడినవ్ కదనే!"

"సెంటరుకంటె పోనిస్తరత్తమ్మా. ఊకె కూసునొస్త అంటె పోనిస్తరా?"

నాకు లోపల శభాష్ అనాలనిపించింది. అనలేదు.

అన్న నా వైపు తిరిగాడు. "నువ్వు రోజు ఆడనే ఉన్నవ్ కదా. కాయితాలల్ల అంత రాసినవ్ కదా. చెప్పు. ఎవడన్న వచ్చిండా?"

"లేదన్నా. ఒక్కతే ఉంటది."

"ప్రతి రోజా? ఒట్టేసి చెప్తవా?"

"చూసి చెప్త" అన్నాను.

ఎందుకన్నాను? రాలేదు అని తెగేసి చెబితే అక్కడితో అయిపోయేది. కానీ నా చదువు అలాంటిది. చూడకుండా ఒట్టు వేయకూడదు. ఖచ్చితంగా ఉండాలి. అందుకే అన్నాను. అంతే.

వదిన అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. మీటింగు తర్వాత ఆమె నన్ను చూడడం అదే మొదలు.

మార్చి 12

వామ్మో. ఏం చేశాను!

నిన్న మధ్యాహ్నమంతా నా కాగితాలు తిరగేశాను. అన్ని రోజులూ చుక్క ఒక్కటే. ప్రాణం నిమ్మళించింది. అంతలో ఫిబ్రవరి చివరి కాగితం ఒకదాని మీద, నాలుగో బెంచీ మీద, చుక్క పక్కన త్రిభుజం కనిపించింది. ఎవరో మగమనిషి. నా చేత్తో నేనే గీశాను. ఎవరో, ఎందుకు కూర్చున్నాడో, ఎంతసేపున్నాడో ఏమీ గుర్తు లేదు.

ఇవాళ పొద్దున వదిన రొట్టెలు చేస్తుంటే వంటింట్లోకి వెళ్ళి మెల్లగా అడిగాను. "వదినా, ఫిబ్రవరిల ఒక రోజు నీ పక్కన ఒక మగమనిషి కూసున్నడు. ఎవరు?"

రొట్టె కొడుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "నువ్వు గూడనా సుజనా?"

"అట్ల కాదు వదినా. నిజంగ ఎవరూ లేరు కదా అని..."

"నువ్వే అడుగుతున్నవా? నువ్వు?"

ఆ 'నువ్వు' అన్న తీరు నాకు అర్థం కాలేదు. అన్న అడిగితే లేని కోపం నేనడిగితే ఎందుకు? ఖచ్చితత్వం కోసమే కదా అడిగాను. అన్న ముందు ఆమె వైపు గట్టిగా నిలబడడానికే కదా అడిగాను.

నీళ్ళ కోసం వచ్చిన అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ చెంబు. అంతా విన్నాడు.

"మగమనిషా?" అన్నాడు.

మార్చి 13

వదిన బస్సెక్కి బిచ్కుందకు, వాళ్ళమ్మగారింటికి వెళ్ళిపోయింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఆగమనలేదు. నీలం సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. గడప దాటేటప్పుడు పొయ్యి మీద పప్పు ఉందని మాత్రం చెప్పింది.

అన్న షాపులో తల వంచుకుని ఎవరిదో ఫోను విప్పుతూ కూర్చున్నాడు. సాయంత్రందాకా అదే ఫోను. హోలీకి కాముని చందా అడగడానికి వచ్చిన పిల్లల్ని అమ్మ కసిరి పంపింది.

ఖచ్చితత్వం కోసమే అడిగాను.

మార్చి 14

ఖచ్చితత్వం కోసం కాదు. అనుమానం వచ్చి అడిగాను. అన్నకు వచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. నాది కాగితం చూశాక వచ్చింది, అంతే తేడా. థూ, నా చదువు.

మార్చి 17

మేడం ఫోను చేసింది. మీటింగు బాగా జరిగిందట కదా అంది. జరిగినదంతా చెప్పాను. అసలు విషయం మాత్రం చివరిదాకా నోటికి రాలేదు.

"గుర్తుపట్టే వివరాలు బయట చెప్పకూడదని నీకు తెలుసు కదా సుజనా. ఇంత తొందరేంటి? సరే, ఆ ఒక్క మహిళను తీసేయ్. మిగతాది చాలా బాగుంది, సబ్మిట్ చెయ్."

"ఆమె మా వదిన, మేడం."

"నీకు ముందు తెలియదా?"

"తెలియదు."

"రెండు నెలలు రోజూ చూశావు కదా?"

సిగ్నల్ లేదని ఫోను పెట్టేశాను. సిగ్నల్ నిండుగా ఉంది.

మార్చి 21

వదిన లేని ఇంట్లో అమ్మ అలవాటు కొద్దీ "ప్రేమలా!" అని పిలుస్తుంది, నాలుక కరుచుకుంటుంది, తర్వాత "సుజనా!" అంటుంది. మాత్రలెక్కడ, టీవీ రిమోటెక్కడ, పాలు పొంగుతున్నయా. అన్న షాపులోంచి "సుజనా, చాయ్!" అంటాడు. గిరాకీలొస్తే "సుజనా, నీళ్ళు!" అంటాడు. వాళ్ళేం తిట్టడం లేదు, కొట్టడం లేదు. ఉత్తగా పిలుస్తారు. ఇవాళ అన్నం కంచం ముందు కూర్చుని ఒక్క ముద్ద నోట్లో పెట్టుకునేలోపు మళ్ళీ లేచాను. స్నానాల గదిలో ఉన్నా తలుపు దగ్గరికి వచ్చి పిలిచారు.

మధ్యాహ్నం అమ్మ కాసేపు కునుకు తీస్తుందనుకుని వదిన గదిలోకి వెళ్ళి తలుపు మూశాను. గదికి తలుపు ఉంది కానీ గొళ్ళెం లేదు. వదిన ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. ఆ గొళ్ళెం లేదని నాకు ఇవాళ తెలిసింది. ఇంటిలో ఉండే నేను ఇళ్ళ బయట జాగాల గురించి పెద్ద పరిశోధన చేస్తున్నాను.

మార్చి 23

ఈరోజు ట్యాంకు కిందికి పోలేదు. నేరుగా వెళ్ళి నాలుగో బెంచీ మీద కూర్చున్నాను. చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని, ఆమె కూర్చున్నట్టే.

తలెత్తి చూస్తే ఎదురుగా నీళ్ళ ట్యాంకు. దాని కింద నేను రోజూ కూర్చునే రాయి. మధ్యలో అడ్డం ఒక్క కొమ్మ లేదు. ఆ రాయి పక్కన ఒక కుక్క పడుకుని ఉంది. దాని చెవి కదలడం కూడా కనిపిస్తోంది.

నేను అక్కడ లేనట్టే ఉన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ గొడుగు, ఆ డబ్బా, స్కార్ఫు లేని నా ముఖం, అన్నీ ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి.

చూసి ఉండకపోవచ్చు. ఆమె ఎక్కువగా కళ్ళు మూసుకునేది కదా.

చూసి ఉండదు.

మార్చి 25

బిచ్కుంద వెళ్ళి వచ్చాను. బస్సులో దారంతా ముక్కలుముక్కలుగా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

వదినవాళ్ళమ్మ గంగవ్వ నన్ను చూసి మంచం వాల్చింది, చాయ్ పెడతానని లోపలికి వెళ్ళింది. వదిన వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తూ ఉంది. నా వైపు చూడలేదు. నేను వెళ్ళి పక్కన కింద కూర్చున్నాను.

"వదినా, నాకు నిజంగ తెల్వదు."

"ఏం తెల్వదు?"

"బెంచి మీద కూసునేది నువ్వని."

చేతిలో మిరపకాయ అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మజాక్ చేస్తున్నవా?"

"ఒట్టు వదినా. మీటింగుల దయానందన్న చెప్పేదాంక తెల్వదు."

ఆమె ముఖం ఎలా మారిందో నేను రాయలేను. కోపం వస్తే బాగుండేది. కోపం రాలేదు.

"నేను జనవరిల మొదటి రోజే నిన్ను గుర్తుపట్టిన. ట్యాంకు కింద మన గొడుగు. నేను కట్టిచ్చిన డబ్బ. ఇగ దొరికిన అనుకున్న, పానం గజగజ వణికింది. ఇంటికొచ్చినంక ఏమంటవో అని చూసిన. నువ్వేమనలే. మల్ల తెల్లారి పోయి చూసిన, ఉన్నవ్. గా రోజు గూడ ఇంట్ల ఏమనలే. ఇగ సమజైంది నాకు. సుజనకెరుకే, సప్పుడు చేస్తలేదు, నా దిక్కే ఉన్నది అని. గా ధైర్నంతోనే లోపటి బెంచికి వచ్చిన. ఎవడన్న లొల్లి పెడ్తె నువ్వున్నవ్ కదా అని. కండ్లు మూసుకున్న గూడ ఫికర్ లేకుండె. రోజు ఒక రొట్టె ఎక్కువ పెట్టిన. నువ్వు అడగలే. నీకు సమజైందనుకున్న."

చెట్టు కాదు. చెట్టు ఆమెను లోపలికి పిలవలేదు. వెనక అండ, ముందు చూపు అని పేజీలు పేజీలు రాశాను. ఆమెకు అండ నేను. నేను అక్కడ ఉన్నానని ఆమె కళ్ళు మూసుకుంది. నేనేమో ఆ మూసిన కళ్ళను హాలంతటికీ చేసి చూపించాను.

"మీటింగుల చెప్పినవని తెలిసినంక," వదిన మళ్ళీ మెల్లగా అంది, "షాపులు ఆపెతందుకు నన్ను ముంచింది అనుకున్న. కోపమొచ్చింది. కని ఎందుకు చేసిందో సమజైంది కదా, గట్లనన్న అనుకున్న. నువ్వేమో గుర్తే పట్టలేదంటున్నవ్. రెండు నెలలు! నేను రోజు నీకు అన్నం పెడ్త కదనే!"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

ఫిబ్రవరిలో పక్కన కూర్చున్న మనిషి సంగతి ఆమే చెప్పింది. "ముసలాయిన నీళ్ళడిగిండు. బాటిల్ ఇచ్చిన. తాగి జరసేపు కూసొని పోయిండు. నువ్వు చూసుకుంటనే ఉంటివి." చూస్తూనే ఉన్నాను. చూసి త్రిభుజం గీశాను.

"ఆడ కూసుంటె ఏముంటది వదినా?" అని అడిగాను. జనవరిలో అడగాల్సింది.

"ఏముంటది? పొద్దున లేచినకాంచి పండుకునేదాంక నన్ను పిలుస్తనే ఉంటరు. ఆడ జరసేపు ఎవ్వలు పిలువరు. గంతే."

లోపలి నుంచి గంగవ్వ "ప్రేమలా, చక్కెర డబ్బ ఏడవెట్టినవే?" అని పిలిచింది. వదిన కొంగుకు చేతులు తుడుచుకుని లేచి వెళ్ళింది.

మార్చి 26

మేడంకు మెసేజి పెట్టాను. మ-7ను తీసేయను, నేను కనిపెట్టింది తప్పని రాస్తాను అన్నాను. అలా రాస్తే థీసిస్ నిలబడదు సుజనా, ఆలోచించుకో అని జవాబు వచ్చింది. పడిపోనీ.

మార్చి 27

అన్నకు అంతా చెప్పాను. ముసలాయన సంగతి, నీళ్ళ సంగతి, నన్ను నమ్ముకుని కూర్చున్న సంగతి. పిలుపుల సంగతి చెప్పేటప్పుడు నా గొంతు లేచింది. "ఇంట్ల ఒక్క మనిషి గా గదికి గొళ్ళెం పెట్టియ్యలే. నువ్వు పెట్టియ్యలే, నాకు కండ్లకు కనవడలే!" అని అరిచాను. షాపులో గిరాకీలు వింటున్నారని కూడా చూడలేదు.

అన్న మెడ వెనక చెయ్యి పెట్టుకుని రుద్దుకున్నాడు. సాయంత్రం మాత్రం "బిచ్కుందకు నేను పోతే వస్తదా?" అని గోడను అడిగినట్టు అడిగాడు.

మార్చి 29

రేపు ఉగాది. అన్న పొద్దున బండి మీద వెళ్ళి వదినను తీసుకొచ్చాడు. బతిమాలాడో, పండుగ అని చెప్పాడో తెలియదు.

వదిన లోపలికి వచ్చి చెప్పులు విడవకుండానే నిలబడింది. "మధ్యాహ్నం పని ఒడిసినంక పార్కుకు పోత. అబద్ధం చెప్పిపోను, చెప్పే పోత. గట్లయితెనే ఉంట" అంది.

అమ్మ నోరు తెరిచింది. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు అన్న మీద ప్రేమ పొంగింది, అది ఎంతోసేపు నిలవలేదు.

"సరే, పో," అన్నాడు. "కని ఊరు ఊకుంటదా? సుజన గూడ వస్తది. అంతకుముందు లెక్కనే దూరంగ కూసొని చూస్తది. దానికి అలవాటే కదా."

నా ముఖం మీద కొట్టినట్టయింది. అన్న వెటకారంగా అనలేదు. మంచి ఉపాయం దొరికిందని నిజంగా సంతోషంతో అన్నాడు. రెండు నెలలు నేను చేసిన పనికి ఆయన పెట్టుకున్న అర్థం అది. మరి నేను చేసింది అది కాదని ఎలా చెప్పాలి?

వదిన నన్ను చూసింది. వద్దంటే ఆమెకు ఆ కాసేపు కూడా పోతుంది. సరే అన్నాను. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు.

ఏప్రిల్ 1

వదిన ఈరోజు స్కార్ఫు కట్టుకోలేదు. ఇద్దరం కలిసే బయల్దేరాం. జాగా దగ్గరికి రాగానే ఆమె వేపచెట్టు వైపు వెళ్ళింది. నేను ట్యాంకు కిందికి వెళ్ళాను. కాగితం తెచ్చుకోలేదు, పెన్ను తెచ్చుకోలేదు. ఆమె బెంచీ వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

కష్టమనిపించింది. మెడ దానంతటదే తిరగబోయేది. ఏడుస్తోందా, కళ్ళు మూసుకుందా, అసలు ఉందా వెళ్ళిపోయిందా అని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు.

కాసేపటికి చాయ్ హోటలు నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. మీటింగులో ఉన్నవాళ్ళే. పార్కు మాట ఊరంతటికీ తెలుసు, ఊసుపోక చూద్దామని వచ్చారు. ఒకడు నా భుజం మీదుగా వేపచెట్టు వైపు మెడ సాచాడు.

నేను లేచి దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఏం గావాలె?"

"ఏం లేదు. పార్కే కదా, చూస్తున్నం."

"చూసుడైంది. ఇగ పోండ్రి."

"నీ అయ్య జాగనా?"

"కాదు. పోండ్రి." గొంతు ఊరంత వచ్చింది. వెనక ఆమెకు వినిపించే ఉంటుంది. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. మళ్ళీ రోడ్డు వైపే కూర్చున్నాను.

ఎంతసేపైందో తెలియదు. భుజం మీద చెయ్యి పడింది. "పోదాం పా" అంది వదిన.

ఇంటికి రాగానే అన్న షాపులోంచి అడిగాడు. "ఎవరన్న వచ్చిండ్రా?"

"ఇద్దరొచ్చిండ్రు. ఎల్లగొట్టిన."

"మరి అది ఏం చేసింది గంత సేపు?"

"వదిన దిక్కు నేను చూడలే."

"చూడలేదా? మరి ఎందుకు పోయినవే నువ్వు?"

"కావలికి పోయిన. రోడ్డు దిక్కు చూస్తున్న" అన్నాను.

అన్న స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని నన్నే చూశాడు. మళ్ళీ విప్పుతున్న ఫోను మీదికి వంగాడు. వదిన లోపలికి వెళ్ళి పొయ్యి మీద చాయ్ పెట్టింది. రేపు మధ్యాహ్నం కూడా వెళ్తున్నాం.